మీరు అచ్చేసిన ఖాళీ డబ్బాలో ఉండాల్సిన అక్షరం

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో చివరి పేజీలో ‘వింత అక్షరం’ అని ఒక బాక్సు ఐటం వేశారు. చైనాలో ఒక రాణి తన పేరు కోసం కొత్త అక్షరం పుట్టించుకుందనీ, అదంతా ఆవిడ మోజనీ, ఆవిడతోపాటే అక్షరం కూడా పోయిందనీ రాశారు. ఆ అక్షరం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ డబ్బా పడింది. అక్షరం గురించి రాసి అక్షరమే లేకుండా పేజీ వదిలేశారు!

నేను తెనాలిలో కంపోజిటరుగా చేరి, సీసం అక్షరాలు పోయాక డీటీపీ నేర్చుకుని, కళ్ళు సహకరించినంత కాలం ఆ పనే చేసినవాణ్ణి. అందుకని ముందు నా కన్ను ఆ డబ్బా మీదే పడింది. మా రోజుల్లో కేసులో, అంటే సీసం అక్షరాలు పెట్టుకునే అరల పెట్టెలో, ఒక అక్షరం నిండుకుంటే, అదే మందం ఉన్న ఇంకో అక్షరాన్ని తలకిందులు చేసి ఆ చోట దిగేసేవాళ్ళం. ప్రూఫు తీస్తే అక్కడ నల్లగా రెండు మచ్చలు కనబడేవి. ఫౌండ్రీ నుంచి టైపు వచ్చాక మచ్చ తీసి అక్షరం పెట్టేవాళ్ళం. మచ్చతోనే ఫారం మెషీనెక్కితే ఫోర్మన్ మధ్యాహ్నం దాకా తిడుతూనే ఉండేవాడు. ఇప్పుడు ఫాంటులో అక్షరం లేకపోతే కంప్యూటరు తనంతట తనే డబ్బా పెడుతుంది. దాన్ని చూసి ఆగాల్సిన మనిషి మీ డెస్కులో ఆ రాత్రి లేడన్నమాట. ఆ అక్షరానికి యూనికోడులో చోటుంది, ఏ మామూలు చైనీసు ఫాంటులోనైనా దొరుకుతుంది. మన తెలుగు ఫాంటులో దొరకదు కాబట్టి అక్షరాన్ని బొమ్మగా తీసి పెట్టుకోవాలి, అంతే. ఈ ఉత్తరంతో ఒక కాగితం జతచేస్తున్నాను. దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి ఉంది, స్కాన్ చేసుకోండి.

రాసింది నేను కాదు, మా మనవరాలు. జెంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివొచ్చింది. మన పిల్లలు చాలామంది చైనాలో డాక్టరీ చదివారని మీకు తెలిసిందే. ఆ అమ్మాయి రాస్తుంటే పక్కన కూర్చుని చూశాను. ముందు ఎడమవైపు నిలువుగా చిన్న పెట్టె, లోపల ఒక అడ్డగీత. అది సూర్యుడు. దాని పక్కనే కింద తెరుచుకుని ఉన్న పొడుగాటి పెట్టె, లోపల రెండు అడ్డగీతలు. అది చంద్రుడు. ఈ రెండూ పక్కపక్కన పడితే వెలుగు అని అర్థమట. వాటి కింద మొదట ఒక చుక్క, దాన్నుంచి రెండు పక్కలా వాలిన కప్పు, కప్పులో రెండు గీతలు, అడుగున అడ్డం, నిలువు, మళ్ళీ అడ్డం. అది ఆకాశం. పైన ఎనిమిది, కింద ఎనిమిది, మొత్తం 16 గీతలు. “తాతయ్యా, కింది భాగం మరీ వెడల్పు చేస్తే పైవాళ్ళు ఇరుకైపోతారు” అంటూ రెండు కాగితాలు చించేసింది. కంపోజింగు తెలిసినవాడికి ఆ బాధ అర్థమవుతుంది.

పలకడం ఇంచుమించు ‘జావ్’ అని. అర్థం ప్రకాశింపజేయడం. ఇదే పలుకుతో, ఇదే అర్థంతో అంతకుముందు నుంచీ ఇంకో అక్షరం ఉంది, ఈనాటికీ చైనాలో అందరూ వాడేది అదే. ఆ పాత అక్షరంలో అడుగున నాలుగు చుక్కలుంటాయి, అవి నిప్పుకు గుర్తు. కొత్తదానిలో నిప్పును తీసేసి, సూర్యుడి పక్కన చంద్రుణ్ణి చేర్చి, ఇద్దరినీ ఆకాశం మీద ఎక్కించారు. చక్రవర్తి సూర్యుడు, రాణి చంద్రుడు అని వాళ్ళ పాత ధర్మగ్రంథాల్లోనే ఉంది. ఈవిడ ఇద్దరినీ తన ఒక్క పేరులో పెట్టుకుంది. దీన్ని మోజు అంటే నేను ఒప్పుకోను. ఇంత లెక్కగా వేసిన ఎత్తుకు ఆ మాట చాలదు.

చరిత్రలో ఆవిణ్ణి వూ జెతియెన్ అంటారు. వూ ఇంటిపేరు, జావ్ తను పెట్టుకున్న పేరు. 624లో పుట్టింది. చిన్న వయసులోనే తాయ్‌జోంగ్ చక్రవర్తి అంతఃపురంలోకి వెళ్ళింది. 649లో ఆయన పోయాక ఆచారం ప్రకారం బౌద్ధ సన్యాసినుల మఠానికి పంపేశారు. అక్కడితో అయిపోవాల్సిన కథ, అవలేదు. తర్వాత చక్రవర్తి గావోజోంగ్ ఆవిణ్ణి మళ్ళీ తెచ్చుకున్నాడు, 655లో పట్టమహిషి అయింది. 683లో ఆయన పోయాక కొడుకుల్ని పేరుకు కూర్చోబెట్టి తనే ఏలింది. చివరికి 690లో తాంగ్ వంశం పేరు తీసేసి, జౌ అని కొత్త వంశం ప్రకటించి, తనే చక్రవర్తినంది. చైనా చరిత్ర మొత్తంలో ఆ బిరుదుతో సొంతంగా ఏలిన ఆడమనిషి ఈవిడ ఒక్కతే. మీరు ఐటంలో నాలుగుసార్లు ‘రాణి’ అన్నారు. రాణి హోదా ఆవిడకు ముప్పై అయిదేళ్ళ ముందు నుంచే ఉంది. దాన్ని దాటడం కోసమే ఈ అక్షరాల పని అంతా.

అక్షరాల పని అంటున్నాను, ఎందుకంటే పుట్టింది ఒక్కటి కాదు. 689 చివర్లో ఒకేసారి 12 కొత్త అక్షరాలను ఆజ్ఞగా విడుదల చేశారు, తర్వాత ఇంకొన్ని చేరాయి. వాటిని తయారుచేసి సమర్పించింది ఆవిడ బంధువే, జోంగ్ చిన్‌కె అనే అధికారి. ఏ మాటలకు కొత్త అక్షరాలు వేశారో చూడండి. ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రం, సంవత్సరం, సామంతుడు, ఇలాంటివి. నక్షత్రానికి ఒట్టి సున్నా చుట్టారు. భూమికి కొండ, నీళ్ళు, మట్టి ఒకదాని కింద ఒకటి పేర్చారు. రాజు ముందు నిలబడే సామంతుడికి, ‘ఒకటి’ అనే గీత కింద ‘విధేయత’ అనే అక్షరం. అంటే దర్బారులో ఎవడైనా ‘మీ సేవకుణ్ణి’ అని అర్జీ రాసుకోవాలంటే, ‘మీ ఒక్కరికే విధేయుణ్ణి’ అని తన చేత్తో రాసి ఇవ్వాలి. ప్రతి కాగితం మీదా, ప్రతి రోజూ. తేదీ వేయాలన్నా ఆవిడ అక్షరాలే కావాలి. పాతవి రాస్తే ఎవరి పక్షమో తెలిసిపోతుంది.

ఆవిడ పేరు పలుకు కూడా ఊరికే ఉండలేదు. ఏలేవారి పేరు పలుకును ఇంకెవరూ మామూలుగా వాడకూడదు అక్కడ. రాజాజ్ఞ అనే మాట కూడా ‘జావ్’ అనే పలుకుతోనే ఉండేది. దాంతో రాజాజ్ఞకు మాటే మార్చేశారు.

దేశం అనే అక్షరం గురించి అదే కాలంలో బతికిన ఒక రచయిత రాసిపెట్టిన కథ ఒకటుంది. దేశానికి పాత అక్షరం నాలుగు పక్కలా గోడలున్న పెట్టె. లోపల ఉన్న భాగం గందరగోళాన్ని గుర్తుచేస్తోందనీ, దాన్ని తీసేసి ఏలినవారి ఇంటిపేరు ‘వూ’ పెడితే దేశం సద్దుమణుగుతుందనీ ఒకాయన అర్జీ పెట్టాడట. ఆవిడ సంతోషించి సరేనంది. నెల దాటాక ఇంకొకాయన అర్జీ వచ్చింది: పెట్టెలో మనిషిని పెడితే ఖైదీ అనే అక్షరం అవుతుంది, తమరి పేరును నాలుగు గోడల మధ్య పెట్టుకోవడం అపశకునం అని. ఉలిక్కిపడి, ఆజ్ఞ వెనక్కి తీసుకుని, పెట్టెలో ‘ఎనిమిది దిక్కులు’ పెట్టించిందట. కాకాపట్టే వాళ్ళు తొందరపడితే ఇలాగే ఉంటుంది, ఏ కాలమైనా. 705లో మంత్రులు తిరగబడి ఆవిణ్ణి దింపేసి ఒక మహల్లో ఉంచారు, ఆ ఏడే పోయింది. ఆ రచయిత దీన్ని కూడా కథ చివర తగిలించి శకునం ఫలించిందన్నాడు. అది ఆయన సరదా.

ఇక ‘ఆవిడతోపాటే పోయింది’ అన్న మీ మాట. 1982లో చైనాలో సోంగ్ పర్వతం మీద ఒక రైతుకు బంగారు రేకు దొరికింది. 36 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు, దాని మీద 63 అక్షరాలు. 700వ సంవత్సరం ఏడో నెల ఏడో రోజున, డెబ్భై అయిదు దాటిన వయసులో, తన పాపాలు చెరిపేయమని దేవతలకు పెట్టుకున్న విన్నపం అది. అందులో తన పేరుగా ఈ అక్షరమే చెక్కించుకుంది. ఇప్పుడది జెంగ్‌జౌలోని హెనాన్ మ్యూజియంలో ఉంది. మా మనవరాలు సెలవురోజు వెళ్ళి ఫోన్లో ఫొటో తీసి పంపింది. అద్దం మీద లైటు పడి సగం రేకు మెరిసిపోయింది కానీ ఆ అక్షరం మాత్రం పెద్దది చేస్తే బాగానే కనబడుతుంది. సూర్యుడు, చంద్రుడు, కింద కప్పు. దేవుడికి రాసుకున్న క్షమాపణ మీద కూడా ఆ సంతకమే పెట్టిందంటే ఆవిడ ఆ పేరును ఎంత ఖాయం చేసుకుందో చూడండి.

మిగతా అక్షరాలు ఇంకా దూరం వెళ్ళాయి. 1966లో కొరియాలో గ్యోంగ్‌జు దగ్గర బుల్‌గుక్సా ఆలయంలో రాతి స్తూపం మరమ్మతు చేస్తుంటే లోపల ఒక కాగితం చుట్ట బయటపడింది. చెక్క మీద అక్షరాలు చెక్కి అచ్చువేసిన ధారణీ సూత్రం, అంటే బౌద్ధుల మంత్రపాఠం. ప్రపంచంలో మిగిలి ఉన్న అత్యంత పాత అచ్చు ప్రతుల్లో ఒకటిగా దాన్ని లెక్కవేస్తారు. అచ్చయింది చైనాలోనా కొరియాలోనా అని ఇంకా వాదులాడుకుంటున్నారు కానీ, కాలం కట్టడానికి ఇరుపక్షాలూ చూపించేది అందులో ఉన్న ఈవిడ అక్షరాలనే. ఆ సూత్రం చైనీసులోకి వచ్చింది 704 ప్రాంతంలో, స్తూపం కట్టింది 751 ప్రాంతంలో, ఆ మధ్యలో ఎప్పుడో చెక్క మీద చెక్కారు. మా వృత్తికి ముత్తాతల్లాంటి వాళ్ళ చేతిపని అది. అందులో ఈవిడ అక్షరాలు ఉన్నాయంటే నాకు ఒళ్ళు పులకరించింది.

జపాన్లో 17వ శతాబ్దంలో మితో ప్రభువు తోకుగావా మిత్సుకుని తన పేరులో దేశం అనే అక్షరాన్ని ఈవిడ చేయించిన రూపంలోనే, ఆ ఎనిమిది దిక్కుల పెట్టెతోనే రాసుకున్నాడు. ఆయన కథతో టీవీ సీరియల్ 1969 నుంచి 2011 దాకా నడిచింది. జపాన్లో ఎవరినడిగినా ఆ అక్షరం గుర్తుపడతారు. పోయిందంటే ఎలా?

అక్షరం పోవడమంటే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. మా కేసులో ‘ఌ’కు ఒక అర ఉండేది. అందులో చెయ్యి పెట్టిన గుర్తు నాకు లేదు, ఎప్పుడు చూసినా దుమ్మే. ఏ ప్రభువూ ఆజ్ఞ ఇవ్వకుండానే అది జారిపోయింది.

ఇవన్నీ మీరు రాయకపోయినా పెద్ద తప్పని అనను. ఆ బాక్సులో పట్టేది నూట యాభై మాటలు. కానీ ఒక్క సంగతి మాత్రం తెలుగు పత్రిక వదిలేయకూడనిది, నేను ఈ ఉత్తరం రాస్తున్నది అసలు దాని కోసమే.

ఆడది ఏలకూడదని వాళ్ళ కన్ఫ్యూషియస్ సంప్రదాయం గట్టిగా చెబుతుంది. పెట్ట కూస్తే ఇల్లు గుల్లవుతుందని వాళ్ళ ప్రాచీన చరిత్ర గ్రంథంలోనే ఉంది. కాబట్టి సింహాసనానికి ఆధారం ఆ పుస్తకాల్లో దొరకదు. బౌద్ధంలో దొరికింది. కొత్త అక్షరాలు వచ్చిన ఏడెనిమిది నెలలకు, 690 వేసవిలో, కొందరు భిక్షువులు ‘మహామేఘ సూత్రం’ అనే గ్రంథానికి వ్యాఖ్యానం రాసి ఆవిడకు సమర్పించారు. అందులో బుద్ధుడు ఒక దేవకన్యతో, నువ్వు స్త్రీ రూపంలోనే పుట్టి దేశాన్ని ఏలుతావని చెబుతాడు. ఆ స్త్రీ ఈవిడేనన్నారు భిక్షువులు. రాబోయే బుద్ధుడు మైత్రేయుడి అవతారం కూడా ఈవిడేనన్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఆవిడ సింహాసనం ఎక్కింది. జిల్లా జిల్లాకూ ‘మహామేఘ’ పేరుతో ఆలయం ఉండాలని ఆజ్ఞ ఇచ్చింది.

ఆ సూత్రంలో ఆ స్త్రీ ఎక్కడ పుడుతుందని ఉందో తెలుసా అండీ? దక్షిణ భారతంలో. ఒక చిన్న రాజ్యం, దాని పేరును చైనీసులోకి ‘వెలుగు లేనిది’ అనే అర్థంలో మార్చారు. అక్కడ ఒక నది, పేరు ‘నల్లనిది’. ఆ నది దక్షిణపు ఒడ్డున ఒక పట్టణం, పేరు ‘పండిన ధాన్యం’. అక్కడి రాజు పేరులో రెండో సగం ‘వాహనం’. ఆ రాజుకు ఒక కూతురు పుడుతుంది, రాజు హఠాత్తుగా చనిపోతే మంత్రులు ఆ కూతురినే సింహాసనం మీద కూర్చోబెడతారు, ఆమె దేశాన్ని లోబరుచుకుని ఏలుతుంది. ఇదీ అక్కడున్న మాట.

మన వైపు బడిపిల్లాడు కూడా చెప్పేస్తాడు. నల్లనిది కృష్ణ. పండిన ధాన్యం ధాన్యకటకం, అంటే మన అమరావతి పక్కన ధరణికోట, కృష్ణకు సరిగ్గా దక్షిణపు ఒడ్డు. రాజు సాతవాహనుడు. వెలుగు లేని దేశం ఆంధ్ర, అనువాదకుడి చెవికి ‘అంధ’ అని వినబడినట్టుంది. ఇది నేను కూర్చుని అల్లింది కాదు, ఆ గ్రంథం చదివిన పండితులే ఇలా గుర్తుపట్టారు. చైనీసులోకి మార్చింది ధర్మక్షేముడనే భారతీయ భిక్షువు, అయిదో శతాబ్దం మొదట్లో, అంటే ఈవిడ పుట్టడానికి దాదాపు రెండొందల ఏళ్ళ ముందు. ఈవిడ కోసం భిక్షువులు సూత్రాన్నే దొంగగా పుట్టించారని తాంగ్ చరిత్ర గ్రంథాల్లో రాశారు. చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో ఆ వ్యాఖ్యానం ప్రతి దొరికాక ఆ నింద నిలబడలేదు. సూత్రం పాతదే, కొత్తగా రాసింది వ్యాఖ్యానం మాత్రమే. ఇటలీ పండితుడు ఆంటోనినో ఫోర్టే దీని మీద ప్రత్యేకంగా పనిచేసి 1976లో ప్రచురించారు. ఆ ప్రతి ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అమరావతి స్తూపం పలకలు కూడా లండన్లోనే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక కథకు రెండు చివరలూ ఒకే ఊరికి చేరాయి, ఆ ఊరు మాత్రం మనదీ కాదు, వాళ్ళదీ కాదు.

ఇంకొకటి. హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటకం వచ్చి కొన్ని నెలలుండి చదువుకున్నాడని మన పాఠాల్లో ఉంది. ఆయన తిరిగి వెళ్ళాక అక్కడి రాజదర్బారుకు బాగా దగ్గరయ్యాడు. 656లో వూ జెతియెన్‌కు కొడుకు పుట్టే సమయంలో ప్రార్థనలు చేసింది ఆయనే. కృష్ణ ఒడ్డున భిక్షువుల దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్న మనిషి ఈ అక్షరం యజమానురాలికి బాగా తెలిసిన మనిషి.

అందుకని నా మనవి రెండు. ఒకటి, ఈ ఆదివారం అదే చోట, అదే సైజులో, అక్షరంతో సహా ఐటం మళ్ళీ వేయండి. ‘మోజు’, ‘రాణి’ తీసేయండి, ధాన్యకటకం చేర్చండి. నూట యాభై మాటల్లో పడుతుంది, నేను లెక్కవేసి చూశాను.

రెండు, ఆ సూత్రంలో ధాన్యకటకం వచ్చే భాగాన్ని ఎవరిచేతనైనా చైనీసు నుంచి సూటిగా తెలుగులోకి చేయించి మీ అనుబంధంలో వేయండి. ఉన్నది ఒక పేజీ కూడా ఉండదు. ఇంగ్లీషు మీదుగా వద్దు, ఊళ్ళ పేర్లు దారిలో పాడైపోతాయి. మా మనవరాలికి ఆసుపత్రి చైనీసు బాగా వచ్చు కానీ అయిదో శతాబ్దపు భాష వేరంటుంది, తన వల్ల కాదంటుంది. యూనివర్సిటీల్లో బౌద్ధం చదివేవాళ్ళలో పాత చైనీసు వచ్చినవాళ్ళను మీరు వెతకాలి. వాళ్ళ పక్కన చదివి పెట్టడానికి తను ఆదివారాలు కూర్చుంటానంది. ప్రూఫులు నాకు పంపండి. కళ్ళజోడు మార్పించాను, రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాత కంపోజిటరు,
తెనాలి